లాక్స్‌టన్‌లో గూటాలు పాతే గురువారం

బుధవారం

ముప్ఫై రెండేళ్లు సర్వేయరుగా చేసి రిటైరయ్యాక నా దగ్గర మిగిలినవి రెండు: అరిగిన మోకాళ్లు, గట్టు కనిపిస్తే చాలు అడుగులతో కొలిచే అలవాటు. నాటింగ్‌హామ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చిన మొదటి పది రోజుల్లోనే లండన్, వంతెనలు, రాజభవనాలు అన్నీ అయిపోయాయి. "ఇంకా ఎక్కడికి వెళ్దాం నాన్నా?" అంటే లాక్స్‌టన్ అన్నాను. పన్నెండేళ్లుగా ఈ దేశంలో ఉన్న పిల్ల, ఆ పేరు ఎన్నడూ వినలేదు. ఫోనులో వెతికి, "పాతిక మైళ్లే! అక్కడ ఏముంది?" అంది. పొలాలున్నాయి అన్నాను. నా వైపు ఒకసారి జాలిగా చూసి కారు తాళాలు తీసుకుంది.

నిజానికి అక్కడ ఉన్నవి మామూలు పొలాలు కావు. ఇంగ్లండ్‌లో చాలా భాగం ఒకప్పుడు ఊరంతా కలిసి సేద్యం చేసుకున్న నేల. ఊరి చుట్టూ రెండో మూడో పెద్ద పెద్ద చేలు. ఒక్కొక్క చేను వందల ఎకరాలు. మధ్యలో కంచె లేదు, గట్టు లేదు. ఆ చేనులో ప్రతి రైతుకూ సన్నగా పొడుగ్గా పట్టీలు, అవీ ఒకేచోట కాదు, ఇక్కడొకటి అక్కడొకటి. మెరక నేల ఒకరికే, పల్లం ఒకరికే పోకుండా చేసిన ఏర్పాటు అది. తర్వాత కాలంలో ఈ చేలను ముక్కలు చేసి, కంచెలు వేసి, ఎవరి కమతం వారికి అప్పజెప్పారు. 1604 నుంచి 1914 వరకు ఇందుకోసం పార్లమెంటు చేసిన చట్టాలే ఐదు వేలు దాటాయి. ఉమ్మడి మేత భూములు పోయి చిన్న రైతు కూలీ అయిన కథ అది. ఆ ఐదు వేల చట్టాల చేతికి చిక్కకుండా మిగిలిన ఊరు లాక్స్‌టన్. పట్టీల సాగు ఆనవాళ్లు మరో ఒకటి రెండు చోట్ల ఉన్నాయి. కానీ ఆ సాగును నడిపే గ్రామ కోర్టు కూడా బతికున్నది ఇక్కడే.

మేము వచ్చేసరికి మూడున్నర. నవంబరు చివరి వారం, నాలుగింటికే చీకటి. ఊరంటే ఒక పొడుగు వీధి. ఇళ్లు ఎర్ర ఇటుకవి, పైన వంపు పెంకులు. చాలా ఇళ్లు వీధికి ముఖం కాకుండా పక్కగోడ చూపిస్తాయి. వీధి వెంట స్థలం వెడల్పు తక్కువ, వెనక్కి పొడవు ఎక్కువ కాబట్టి ఇల్లు అడ్డంగా పెడితే పట్టదు. ఇల్లు, వెనకే కొట్టం, ఆ వెనకే ధాన్యపు కొట్టు, అన్నీ ఊళ్లోనే. మామూలుగా ఇంగ్లిషు పల్లెల్లో రైతు ఇల్లు పొలం మధ్యన ఒంటరిగా ఉంటుంది. ఇక్కడ రైతు ఊళ్లో ఉండి పొద్దున్నే పొలానికి వెళ్తాడు, అచ్చం మన దగ్గరలాగే. పేడ వాసన, తడి గడ్డి వాసన కలిసి వచ్చేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మాయి కారు అద్దం ఎత్తేసింది.

గురువారం

ఈ రోజు కోసమే వచ్చాను. ఏటా నవంబరు చివరి గురువారం ఇక్కడ జ్యూరీ దినం. పన్నెండుమంది రైతులు, వారికి ఒక ఫోర్‌మన్, కొత్తగా గోధుమ విత్తిన చేనును నడిచి చూసి, హద్దులు సరిగ్గా ఉన్నాయో లేదో తేలుస్తారు. చేలు మూడు: వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. ఒక చేనులో ఒక ఏడు శీతకాలపు గోధుమ, మరుసటి ఏడు వసంతంలో విత్తే పంట, మూడో ఏడు బీడు. వంతు ప్రకారం తిరుగుతూ ఉంటుంది. ఏ రైతూ నా పట్టీలో నా ఇష్టం వచ్చింది వేస్తాననడానికి లేదు. చేను బీడు అంటే అందరికీ బీడే. పూర్వం ఆ బీడు మీద, కోత అయ్యాక మోళ్ల మీద ఊరి పశువులన్నీ మేసేవి. మూడో ఏట ఇప్పుడు ఎక్కువగా పశువుల మేత పండిస్తారు.

పొద్దున పబ్బు ముందు చేరారు. పబ్బు పేరు డవ్‌కోట్ ఇన్. కోర్టు జరిగేదీ అందులోనే. ముసురు పడుతూనే ఉంది. ట్రాక్టరు వెనక ట్రయిలర్‌లో గడ్డి మోపులు బల్లల్లా వేశారు. వాటి మీద జ్యూరీ, మధ్యలో ఒక కట్ట గూటాలు, ఒక పెద్ద సుత్తి. మేము వెనక కారులో కొంత దూరం, ఆ తర్వాత బూట్లు దిగబడే బురదలో కాలినడకన. ఇక్కడి నేల ఎర్ర బంకమన్ను. పది అడుగులు వేసేసరికి ఒక్కో కాలికి కిలో మట్టి.

చేను చూడగానే నా ఉద్యోగపు బుర్ర ఒక్క క్షణం ఆగిపోయింది. కనుచూపు మేర వేలెడు ఎత్తు పచ్చటి గోధుమ, అంతా ఒక్కటే దుప్పటి పరిచినట్టు. ఇందులో పట్టీలెక్కడ? కాసేపు చూశాక కళ్లకు దొరికింది. ఒక పట్టీకీ పక్క పట్టీకీ మధ్య ఒక్క చాలు. నాగలి మట్టిని రెండు వైపులా విడదీసి వదిలిన సన్నటి గుంట, అంతే. ఆ గుంట ఈ రైతు అటు అర అడుగు జరిపితే పక్కవాడిది అర అడుగు పోయినట్టే. పొడవు రెండు వందల గజాలుంటే ఆ అర అడుగే మంచి పెరడంత అవుతుంది.

జ్యూరీ పని నేను ఊహించినదానికంటే నెమ్మదిగా, ఊహించినదానికంటే కచ్చితంగా జరిగింది. ఒక చివర పాత గూటం దొరికేదాకా బూటు మడమతో మట్టి గీరారు. దొరికింది. రెండో చివర దొరకలేదు. ట్రాక్టరు చక్రం కింద ఎప్పుడో పోయింది. అప్పుడు ఒకాయన ఈ చివర గూటం మీద కర్ర నిలబెట్టి పట్టుకున్నాడు. మరొకాయన అవతలి చివరికి నడిచి వెళ్లాడు. మూడో మనిషి నేల మీద దాదాపు కూర్చుని, ఒక కన్ను మూసి, దూరంగా కనిపించే చెట్టు మొదలుకు గురి చూసి చేయి ఊపాడు. ఎడమకు. ఇంకా ఎడమకు. చాలు. సుత్తి నాలుగు దెబ్బలు వేసింది. తెల్లటి కొత్త గూటం తల మట్టి పైన నాలుగు వేళ్లు నిలిచింది. ఆ పట్టీ రైతు జ్యూరీలోనే ఉన్నాడు, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని చూస్తున్నాడు. పక్క పట్టీ రైతు కూడా ఉన్నాడు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. నా వృత్తిలో ఇంత నిశ్శబ్దంగా హద్దు తేలడం నేను చూడలేదు.

మా ఆఫీసులో ఒక మాట ఉండేది: హద్దురాళ్లకు రాత్రిపూట కాళ్లొస్తాయి అని. ఒకసారి ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఒకే రాయిని మూడుసార్లు పాతాను. పగలు గొలుసు వేసి, పంచనామా రాసి, ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించి వచ్చేవాణ్ని. వారం తిరక్కముందే ఆ రాయి రెండు గజాలు నడిచేది. మూడోసారి చిన్నవాడు నన్నే అడిగాడు, "అయ్యా, మీ పటం సరే, రేపు మీరు వెళ్లిపోయాక ఇక్కడ ఉండేది ఎవరు?" అని. అప్పుడు కోపం వచ్చింది. ఇవాళ బురదలో నిలబడి ఆ మాటకు జవాబు ఎదురుగా చూస్తున్నట్టనిపించింది. ఇక్కడ గూటం పాతినవాడు రేపు ఎక్కడికీ వెళ్లడు. ఆ పక్క పట్టీ వాడిదే.

చేల మధ్య వాలు కింద తడిగా ఉండే పల్లాల్లో దున్నకుండా వదిలేసిన గడ్డి పట్టీలున్నాయి. వీటిని సైక్‌లంటారు. నీరు అక్కడికి దిగిపోతుంది, బండ్లు తిరగడానికీ అదే చోటు. ఆ గడ్డి ఊరి ఉమ్మడి ఆస్తి, ఏటా వేలం వేస్తారు. ఎవరైనా నాగలి కాస్త ముందుకు తోసి సైక్ అంచు చెక్కేశాడా, జ్యూరీ కన్ను అక్కడే పడుతుంది. ఒకచోట అలాంటిదే దొరికింది. ఒకాయన అడుగులు వేశాడు, మరొకాయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు, ఇంకెవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఏమన్నారో నాకు అర్థం కాలేదు. అమ్మాయిని అడిగితే, "ఈయన గారు ప్రతి ఏడూ ఇలాగే చేస్తాడట" అంది. మన పోరంబోకు గుర్తొచ్చింది. ఊరందరిదీ అంటే ఎవరిదీ కాదని మన దగ్గర అర్థం. ఇక్కడ మాత్రం ఊరందరిదీ అంటే పన్నెండుమంది చూస్తున్నారని.

ఒక పెద్దాయన, ఎనభై దగ్గర పడి ఉంటాడు, నా బూట్లు చూసి జాలిపడి పలకరించాడు. నేను సర్వేయరునని చెప్పాను. దేనితో కొలిచేవారు అన్నాడు. మొదట్లో గొలుసుతోనే, అరవై ఆరు అడుగులది, వంద లింకులు అన్నాను. ఆయన ముఖం వెలిగింది. తన చేతికర్రతో పట్టీ వెడల్పు చూపించి, "పూర్వం ఇది మీ గొలుసంతే" అన్నాడు.

ఆ ముక్క రాత్రి గదిలో కూర్చుని కాగితం మీద వేసుకున్నాను. నాకు తెలిసిన లెక్కే, కానీ ఎన్నడూ ఇటువైపు నుంచి చూడలేదు. ఫర్లాంగు అంటే ఎద్దులు ఒక్క ఊపిరిలో తీసే చాలు పొడవు, 220 గజాలు. దానికి వెడల్పు ఒక గొలుసు, 22 గజాలు. రెండూ గుణిస్తే 4,840 చదరపు గజాలు, అంటే ఒక ఎకరా. ఒక జట్టు ఎద్దులు ఒక రోజులో దున్నే నేల అని పాత లెక్క. ఆ గొలుసును వంద లింకులుగా విభజించి 1620లలో వాడుకలోకి తెచ్చినవాడు ఎడ్మండ్ గుంటర్ అనే లెక్కల పండితుడు. అదే గొలుసు కంపెనీవాళ్లతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. మా కొలతల పటాల మీద నేను ముప్ఫై రెండేళ్లు రాసిన అంకెలన్నీ ఆ లింకులే. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. తెలంగాణలో గుంట అంటే అర గొలుసు పొడవు, అర గొలుసు వెడల్పు. మా నాన్న ఎకరా ఇరవై సెంట్లు అమ్మి నన్ను చదివించాడు. ఆ ఎకరా ఎక్కడి ఎద్దుల కొలతో ఆయనకు తెలియదు, నాకు ఇవాళ్టిదాకా పట్టలేదు.

శుక్రవారం

అమ్మాయి ఆఫీసు పనికి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను ఒక్కణ్నే ఊరు తిరిగాను.

చర్చి సెయింట్ మైకేల్ ది. బయటి నుంచి చూస్తే ఊరికి మించిన గుడి. నిజానికి ఇంకా పెద్దది ఉండేదట. 1860 ప్రాంతంలో భూస్వామి మాన్‌వర్స్ ప్రభువు మరమ్మతు చేయిస్తూ దాన్ని కురచ చేయించాడు. లోపల ఎవరింగ్‌హామ్ వంశపు ప్రభువుల పడుకున్న విగ్రహాలున్నాయి. వాళ్లు మధ్యయుగంలో ఈ ఊరి యజమానులు. అన్నీ రాతివే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఒక స్త్రీ మూర్తి, ఓక్ కర్రతో చెక్కింది. నాటింగ్‌హామ్‌షైర్ మొత్తంలో మధ్యయుగపు కొయ్య సమాధి విగ్రహం ఇదొక్కటే. ముఖం నున్నగా అరిగిపోయింది. ఆరేడు వందల ఏళ్ల కర్రలో నిలువునా పగుళ్లు, మన రథం ఇరుసులో వచ్చేవే. రాతి భర్తకంటే ఈ కర్ర భార్యే మనిషిలా ఉంది. కాసేపు అక్కడే కూర్చున్నాను. బయట వానకు అదొక సాకు కూడా.

చర్చికి ఉత్తరాన కొంచెం దూరంలో కోట. కోట అంటే గోడలేమీ లేవు, గడ్డి కప్పిన పెద్ద మట్టిదిబ్బ, దాని చుట్టూ కందకం. 12వ శతాబ్దిలో ద కో అనే కుటుంబం ఇక్కడ ఉండి, రాజుగారి షెర్‌వుడ్ అడవికి వంశపారంపర్య కాపలాదార్లుగా పనిచేసింది. రాజు జాన్ ఈ కోటను వాళ్ల నుంచి లాక్కున్నాడు. రాబిన్‌హుడ్ కథలు వినేవాళ్లకు జాన్ పేరు కొత్త కాదు. దిబ్బ ఎక్కుతుంటే మోకాళ్లు మొత్తుకున్నాయి. పైనుంచి మాత్రం ఊరు, చేలు, దూరాన కంచెలతో ముక్కలైన పక్క గ్రామాల పొలాలు ఒకే చూపులో కనిపించాయి. పక్క ఊళ్లవి చతురస్రాలు, ఈ ఊరివి పొడుగు గీతలు. ఆ తేడా పటంలో కాదు, నేల మీదే అచ్చు వేసినట్టు ఉంది.

మధ్యాహ్నం నాకు కావలసింది దొరికింది: 1635 నాటి ఊరి పటం. అసలు పటం ఆక్స్‌ఫర్డ్‌లో బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. ఇక్కడున్నది దాని ప్రతి. మార్క్ పియర్స్ అనే సర్వేయరు వేశాడు. రెండు వేలకు పైగా పట్టీలు, ఒక్కొక్క దాని మీద అంకె. ఏ అంకె ఎవరిదో వేరే పుస్తకంలో, అడంగల్లోలాగే. నేను చూసిన కొలతల పటాలు ఎండిపోయిన ఎముకల్లా ఉంటాయి. ఈ మహానుభావుడు మాత్రం ఖాళీ దొరికిన చోటల్లా బొమ్మలు వేశాడు. ఇక్కడ ఒకడు దున్నుతున్నాడు, అక్కడ కోత కోస్తున్నారు, ఇంకోచోట కుక్కలతో వేటకు పోతున్నారు. మా పై అధికారి చూసి ఉంటే మెమో ఇచ్చేవాడు. వృత్తి అసూయ కొంచెం కలిగిందని ఒప్పుకుంటాను.

ఇప్పుడు ఆ పట్టీలు చాలా తగ్గాయి. పక్కపక్కనున్నవి కలుపుకుంటూ రావడంతో రెండు వందల లోపుకు వచ్చాయి. నాలుగో చేను, ఈస్ట్ ఫీల్డ్, ఆ పటంలో ఉంది, నేల మీద లేదు. కాబట్టి మధ్యయుగం చెక్కుచెదరకుండా ఉందని అట్టల మీద రాసుకునే మాట పూర్తిగా నిజం కాదు. 18వ శతాబ్దిలో ఊరి అంచుల్లో కొంత నేలకు కంచెలు పడ్డాయి కూడా. మిగతాది ఎందుకు మిగిలింది? రైతుల పట్టుదల అనుకోవాలని నాకూ ఉంటుంది. కానీ చరిత్రకారులు చెప్పే కారణాల్లో ముఖ్యమైనది వేరు. ఊళ్లో భూమి ఇద్దరు పెద్ద భూస్వాముల మధ్య చిక్కుపడి ఉండేది, పియర్‌పాంట్‌లు (మాన్‌వర్స్ ప్రభువుల వంశం) ఒకవైపు, రఫర్డ్ ఎస్టేటు ఇంకోవైపు. మార్పిడి కుదరక ఏళ్లు గడిచాయి. 1860ల్లో కుదిరేసరికి వ్యవసాయం గిట్టుబాటు తగ్గే రోజులు వచ్చాయి, కంచెల ఖర్చు దండగ అనిపించింది. అంటే ఇద్దరు జమీందార్ల బేరం తెగకపోవడమే ఈ పొలాలను కాపాడింది. అన్నదమ్ముల తగాదాలో పంపకం ఆగి, పాత మండువా ఇల్లు కూలకుండా మిగిలిపోయిన ఊళ్లు మనకూ తెలుసు కదా.

ఆ పటం వేయించిన యజమాని పేరు చదివి ఇంకోసారి ఆగాను. సర్ విలియం కోర్టెన్. లండన్ బట్టల వ్యాపారి, ఫ్లాండర్స్ నుంచి శరణార్థిగా వచ్చిన దర్జీ కొడుకు. లాక్స్‌టన్ పటం తయారైన 1635లోనే ఆయన తూర్పు దేశాల వర్తకానికి మొదటి చార్లెస్ రాజు నుంచి అనుమతి సంపాదించాడు. అది ఈస్టిండియా కంపెనీకి పోటీగా. కంపెనీ అప్పటికి మచిలీపట్నంలో 1611 నుంచి దుకాణం తెరిచి కూర్చుంది. కోర్టెన్ ఓడలు 1636లో బయలుదేరి గోవా, భట్కల్ మీదుగా చైనా దాకా పోయాయి. ఆయన మాత్రం అదే ఏడాది చనిపోయాడు. అప్పులు పేరుకున్నాయి, కొన్నేళ్లకు ఊరు పియర్‌పాంట్‌ల చేతికి వెళ్లింది. ఒకే ఏడాది ఒకే మనిషి ఒక చేత్తో ఇక్కడి రైతుల పట్టీలు లెక్క పెట్టించాడు, మరో చేత్తో మన తీరానికి ఓడలు కట్టించాడు. కొత్తగా డబ్బు చేసినవాడు ముందు తన సొత్తు ఎంతో కొలిపించుకుంటాడు. సర్వేయర్లకు పని దొరికేది అప్పుడే.

తిరిగి వస్తుంటే దారిలో ఒక చిన్న ఆవరణ. పలక మీద పిన్‌ఫోల్డ్ అని ఉంది. చేల మీద పడిన పశువులను తోలుకొచ్చి కట్టేసే చోటు, యజమాని జరిమానా కట్టి విడిపించుకోవాలి. అమ్మాయికి ఫోటో పంపి, ఇది బందెలదొడ్డి అని రాశాను. "అంటే ఏమిటి నాన్నా?" అని జవాబు వచ్చింది. మా ఊరి బందెలదొడ్డి స్థలంలో ఇప్పుడు సెల్‌ఫోన్ టవరు ఉంది.

శనివారం

మబ్బు విడిచింది. ఐదారు మైళ్ల దూరంలోని ఈక్రింగ్‌కు కారులో వెళ్లాం. ఈ ఊరి పేరు నేను కొత్తగా విన్నాను. అమ్మాయికి ఆ కథలో సగం తెలుసు. 1665–66లో డెర్బీషైర్‌లోని ఈమ్ అనే ఊరికి ప్లేగు వస్తే, జబ్బు బయటి ఊళ్లకు పాకకూడదని ఊరు ఊరంతా తమ పొలిమేర తామే మూసుకుంది. 260 మంది పోయారని లెక్క. వాళ్లను ఒప్పించిన పాస్టర్ విలియం మోంపెసన్, ఆయన భార్య కేథరిన్ కూడా ఆ జబ్బుతోనే పోయింది. కరోనా రోజుల్లో ఈ కథ అందరి నోటా నానింది. ఆ మోంపెసన్ తర్వాత కాలంలో బదిలీ మీద వచ్చింది ఈక్రింగ్‌కే. ఇక్కడివాళ్లు భయపడి ఆయన్ను ఊళ్లోకి రానివ్వలేదట. మొదట్లో ఊరి బయట ఒక చెట్టు కింద నిలబడి ప్రసంగాలు చేశాడని చెబుతారు. ఆ చెట్టు ఉన్న చోట పొలంలో ఇప్పుడు ఒక రాతి శిలువ ఉంది. పొలిమేర దాటకుండా తన ఊరిని ఆపినవాడు ఇంకో ఊరి పొలిమేర బయట నిలబడ్డాడు. ఆయన మాత్రం ఎక్కడికీ పోలేదు, 1709లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు.

ఈక్రింగ్ పక్క అడవిలో ఇంకో వింత: చమురు బావులు. 1939లో ఇక్కడ చమురు దొరికింది. యుద్ధంలో ఓడలు మునుగుతుంటే, 1943లో ఓక్లహోమా నుంచి తవ్వకంలో ఆరితేరిన అమెరికన్లను రహస్యంగా రప్పించారు. వాళ్ల బస కెల్‌హామ్ అనే చోట క్రైస్తవ సన్యాసుల మఠంలో. సన్యాసుల మౌనం, ఆ నూనె మనుషుల గోల ఒకే కప్పు కింద ఎలా సాగాయో ఊహించుకుంటే నవ్వొస్తుంది. ఏడాది తిరిగేసరికి నూరుకు పైగా బావులు తవ్వారు. అడవిలో పాత పంపులు ఒకటి రెండు చూపడానికి ఉంచారు. పది నిమిషాల్లో చలికి తట్టుకోలేక కారెక్కాం.

మళ్లీ గురువారం

నాటింగ్‌హామ్‌కు వెళ్లిపోయి, కోర్టు కోసం వారం తర్వాత తిరిగి వచ్చాను. అమ్మాయి సెలవు పెట్టింది. ఈసారి ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. వెల్లింగ్టన్ బూట్లు మాత్రం కొని కారులో పెట్టింది.

ఈ కోర్టు సరదాకి జరిగే వేషం కాదు. 1977లో పార్లమెంటు ఇలాంటి పాత జమీందారీ కోర్టులన్నిటికీ విచారణాధికారం తీసేసింది. ఆ చట్టంలోనే లాక్స్‌టన్ కోర్టుకు ఇది వర్తించదని పేరు పెట్టి రాశారు. అంటే ఈ పబ్బులో వేసే జరిమానాకు ఇప్పటికీ చట్టం అండ ఉంది.

బార్ పక్క గదిలో బల్లలు జరిపి కుర్చీలు వేశారు. ఒక చివర స్టీవార్డు. జమీందారు తరఫున కోర్టు నడిపేది ఆయన. కోర్టు బంట్రోతులాంటి బెయిలిఫ్ లేచి, పాత ఫ్రెంచి మాటతో, "ఓయే" అని మూడుసార్లు కేక వేశాడు. వినండహో అని మన దండోరాలో అనేదే. తర్వాత పేర్లు చదివారు. వచ్చినవాళ్లు పలికారు. రానివాళ్ల పేరు దగ్గర స్టీవార్డు కలం ఆగింది, రానందుకు నామమాత్రపు జరిమానా. పోయిన వారం గూటాలు పాతిన జ్యూరీ తన నివేదిక ఇచ్చింది. సైక్ అంచు చెక్కినాయనకు పడిన జరిమానాతో ఒక జత చెప్పులు కూడా రావు. ఆయన నా ముందు వరసలోనే కూర్చున్నాడు. మెడ వెనక ఎర్రబడింది. లేచి వెళ్లి కట్టాడు. ఎవరో వెనక నుంచి దగ్గారు. ఆ దగ్గే అసలు జరిమానా అని నాకనిపించింది. తర్వాత వచ్చే ఏటి జ్యూరీ. ఫోర్‌మన్ ముందు, మిగతావాళ్లు ఆ వెనక బైబిలు పట్టుకుని ప్రమాణం చేశారు. చిత్రం, ఎర్ర మెడ పెద్దమనిషి కూడా అందులో ఉన్నాడు. వచ్చే నవంబరులో ఇతరుల చాళ్లు చూసేది ఆయనే.

ఇదంతా చూసి పొంగిపోకుండా ఒక మాట చెప్పుకోవాలి. ఈ గదిలో గూటాలు పాతిన రైతుల్లో పట్టాదారులు కనబడరు, ఎస్టేటు కౌలుదారులే. నేల యజమాని ఎప్పుడూ వేరే. పియర్‌పాంట్‌లలో ఆ బిరుదు మోసిన ఆఖరివాడు, ఆరో మాన్‌వర్స్ ప్రభువు 1952లో ఊరిని ప్రభుత్వ వ్యవసాయ శాఖకు అమ్మాడు, ఈ పద్ధతి కాపాడతారని. అది 1981లో రాజు పేరిట ఉన్న ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేటుకు మారింది. 2020లో మళ్లీ పాత వంశపు థోర్స్‌బీ ఎస్టేటుకే చేరింది. హద్దు ఒక అడుగు జరిగితే పన్నెండుమంది లేస్తారు. ఊరు ఊరంతా చేతులు మారినప్పుడు మాత్రం ఈ కోర్టుకు పని లేదు. ఈ సంగతి ఆ ఎనభై ఏళ్ల పెద్దాయనతో అన్నాను. ఆయన బీరు గ్లాసు బల్ల మీద పెట్టి కాసేపు ఆలోచించాడు. "ప్రభువులు వస్తారు, పోతారు" అన్నాడు. "నీళ్లు మాత్రం ప్రతి ఏడూ ఆ పల్లంలోకే వస్తాయి. మురుగు కాలువ తీయాల్సింది మేమే."

బయటికి వచ్చేసరికి మూడు దాటింది, ఇంకో గంట వెలుగు. కారు చేను దగ్గర ఆపమన్నాను. కొత్త బూట్లు వేసుకుని లోపలికి నడిచాను. గోధుమ ఒక వేలు మేర పెరిగింది. ఆ రోజు పాతిన గూటం తల అప్పుడే రంగు మారి, వర్షానికి నల్లబడుతోంది. అక్కడి నుంచి పక్క చాలు దాకా అడుగులు వేశాను. ఇరవై మూడు. వెనక్కి తిరిగి మళ్లీ వేశాను. ఇరవై మూడే. రోడ్డు మీద నుంచి అమ్మాయి, "సరిపోయిందా నాన్నా?" అని అరిచింది.